కంప్యూటర్ యానిమేషన్ షార్ట్ ఫిలింలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు నిమిషాల నుంచి పావుగంట వరకూ ఉండే కంప్యూటర్ యానిమేషన్ సినిమాలు ఎందుకంత ఆకట్టుకుంటాయి, ఎలా తయారవుతాయి, ఏవి చూడాలి అని చాలామంది అడుగుతుంటారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. కొన్నిచోట్ల కథ చివరిదాకా చెప్పాను. ముందే తెలియకూడదనుకునేవాళ్లు ఆ సినిమా చూసొచ్చి చదవండి.

కంప్యూటర్ యానిమేషన్ షార్ట్ ఫిలిం అని దేన్ని అంటారు?

పాత్రలను, ఇళ్లను, చెట్లను, వస్తువులను కంప్యూటర్‌లో మోడళ్లుగా తయారుచేసి, యానిమేటర్లు వాటిని కొద్దికొద్దిగా కదిలించి, వెలుగునీడలను కంప్యూటర్‌తో లెక్కకట్టించి తీసే సినిమా ఇది. నిడివి విషయంలో ఆస్కార్ వాళ్ల నిబంధన టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలు దాటకూడదు. జనం మళ్లీ మళ్లీ చూసేవాటిలో చాలావరకు పది నిమిషాల లోపువే.

త్రీడీ అంటారు కదా, కళ్లద్దాలు పెట్టుకోవాలా?

అక్కర్లేదు. మోడల్‌కు పొడవు, వెడల్పు, లోతు ఉంటాయి కాబట్టి త్రీడీ అంటారు. మామూలు ఫోన్‌లో, టీవీలో చూడొచ్చు.

రెండు నిమిషాల సినిమాలో అంత ఇష్టపడటానికి ఏముంటుంది?

దీనికి 1986 నాటి ‘లక్సో జూనియర్’ కంటే మంచి జవాబు నాకు తెలియదు. తెర మీద ఉన్నవి రెండు టేబుల్ లైట్లు, వాటి వైర్లు, ఒక బంతి. వెనకంతా చీకటి. కెమెరా కదలదు. పెద్ద లైటు చూస్తుండగా చిన్న లైటు బంతి వెంట గెంతుకుంటూ వస్తుంది. బంతి మీదెక్కి ఎగిరెగిరి గాలి తీసేస్తుంది. బంతి చదునైపోయిందని తెలిశాక తల వేలాడేసుకుని వెళ్లిపోతుంది. అయిపోయిందనుకునే లోపు ఇంకా పెద్ద బంతిని తరుముతూ మళ్లీ వస్తుంది. కథ అంతే.

ఆ ఏడాది డల్లాస్‌లో జరిగిన సిగ్‌గ్రాఫ్ సదస్సులో దీన్ని వేశారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఏటా కలుసుకునే సభ అది. ప్రదర్శన అయ్యాక జిమ్ బ్లిన్ అనే పేరున్న గ్రాఫిక్స్ శాస్త్రవేత్త దర్శకుడు జాన్ లాసెటర్ దగ్గరికి వచ్చి ఒక ప్రశ్న అడగాలన్నాడు. నీడలను లెక్కకట్టిన పద్ధతి గురించి అడుగుతాడేమోనని లాసెటర్‌కు టెన్షన్ పట్టుకుంది. బ్లిన్ అడిగింది వేరే. ఆ పెద్ద లైటు అమ్మా, నాన్నా?

ఆ నీడలేమీ చిన్న విషయం కాదు. కదిలే రెండు లైట్లు ఒకదాని మీద ఒకటి, తమ మీద తాము నీడలు వేసుకోవడం అప్పటికి గొప్ప సాంకేతిక పని. ఆ పని విలువ అందరికంటే బాగా తెలిసినవాడే దాన్ని పక్కనపెట్టి, ఆ ఇద్దరికీ ఉన్న బంధుత్వం ఏమిటని అడిగాడు. ఇనుప ఊచలు, స్ప్రింగులు, ఒక బల్బు తప్ప ఏమీ లేని వస్తువులో ఒక తల్లినో తండ్రినో చూశాడు. ఈ సినిమాల మీద మనకు కలిగే ఇష్టమంతా అక్కడే ఉందని నా నమ్మకం. మిగతా జవాబుల్లో కూడా నేను చెప్పేది చాలావరకు దీని చుట్టూనే తిరుగుతుంది.

చిన్న లైటును చూడగానే పసిబిడ్డ అనిపించడానికి ఒక కారణం ఉంది. పెద్ద లైటును అలాగే కుదించి ఊరుకోలేదు. పిల్లల ఒంటి కొలతలు పెద్దవాళ్ల కొలతల్లా ఉండవని లాసెటర్ గమనించి, లైటు భాగాలను ఒక్కోటీ ఒక్కో రకంగా మార్చాడు. ఊచలు పొట్టివయ్యాయి, స్ప్రింగుల లావు మాత్రం తగ్గలేదు. బల్బు సైజు అస్సలు మారలేదు. బల్బు షాపులో కొనే వస్తువు, అది బిడ్డతో పాటు పెరగదు అని ఆయన కారణం చెప్పాడు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఆ లైటుకు ఒక బాల్యం ఉందని ఆయన నిజంగా నమ్మాడు కాబట్టే అంత చిన్న విషయం ఆలోచించగలిగాడు.

ఇవి ఎప్పుడు మొదలయ్యాయి?

కంప్యూటర్‌తో బొమ్మలు కదిలించడం అంతకు చాలా ముందే ఉంది. 1970లలోనే కెనడాలోని నేషనల్ ఫిల్మ్ బోర్డులో పీటర్ ఫోల్డెస్ తీసిన ‘హంగర్’ అనే సినిమాలో ఒక గీతల బొమ్మ ఇంకో బొమ్మగా మారే పనిని కంప్యూటర్‌తో చేయించారు. దానికి ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. అది గీతల బొమ్మ, లోతు లేనిది.

మనం ఇప్పుడు చూసే రకం సినిమాలకు దారి వేసింది 1984 నాటి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ఆండ్రే అండ్ వాలీ బీ’. లూకాస్‌ఫిల్మ్ కంపెనీలోని కంప్యూటర్ విభాగం దీన్ని తయారుచేసింది. దర్శకుడు ఆల్వీ రే స్మిత్. కదలికలు లాసెటర్‌వి. మిన్నియాపొలిస్‌లో ఆ ఏడాది సిగ్‌గ్రాఫ్‌లో చూపించే నాటికి సినిమా ఇంకా పూర్తికాలేదు, కొన్ని భాగాలు అసంపూర్తిగానే వేశారు. అప్పటిదాకా కంప్యూటర్ బొమ్మలంటే గట్టి గోళాలు, డబ్బాలే. ఇందులో పాత్రల ఒళ్లు సాగింది, వంగింది. వేగంగా కదిలినప్పుడు కెమెరాలో పడ్డట్టు మసకబారింది.

1986లో స్టీవ్ జాబ్స్ ఆ విభాగాన్ని కొన్నాక అది పిక్సార్ అనే కంపెనీ అయింది. అప్పట్లో వాళ్ల వ్యాపారం సినిమాలు కాదు, ఖరీదైన గ్రాఫిక్స్ కంప్యూటర్లు అమ్మడం. ఈ చిన్న సినిమాలు తమ యంత్రం, సాఫ్ట్‌వేర్ ఏం చేయగలవో చూపించడానికి పనికొచ్చేవి. ‘లక్సో జూనియర్’కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది, త్రీడీ కంప్యూటర్ యానిమేషన్‌లో అలా వచ్చిన తొలి సినిమా అది. 1988 నాటి ‘టిన్ టాయ్’ ఆస్కార్ గెలిచింది. అందులోని రేకు బొమ్మ ఆలోచనే పెరిగి పెరిగి 1995లో ‘టాయ్ స్టోరీ’ అయింది. పూర్తి నిడివి కంప్యూటర్ యానిమేషన్ సినిమాల్లో అదే మొదటిది.

చాలావాటిలో మాటలే ఉండవు. ఎందుకు?

ఖర్చు ఒక కారణం. మాటలకు తగ్గట్టు పెదవులు కదిలించడం బోలెడు పని. భాష లేకపోతే ఏ దేశంలో అయినా వేయొచ్చు, ఫెస్టివల్స్‌కు పంపడం సులువు.

నా దృష్టిలో ఇంకా పెద్ద కారణం వేరే ఉంది. పాత్ర నోరు విప్పి ‘నాకు భయంగా ఉంది’ అంటే ఆ విషయం మనకు చేరిపోతుంది, మనం చేయాల్సింది ఏమీ ఉండదు. అనకపోతే దాని మెడ వంపు, అడుగు తడబాటు చూసి మనమే అర్థం చేసుకోవాలి. ఆ కష్టం మనం పడ్డాం కాబట్టే ఆ పాత్ర మనదవుతుంది. ‘పైపర్’ (2016) చూడండి. సముద్రపు ఒడ్డున ఒక పిట్టపిల్ల, దాని తల్లి, అలలు. మొదటి అల మీదపడి తడిసి ముద్దయ్యాక ఆ పిల్ల ఇక గూడు వదలనంటుంది. ఒక్క మాట లేదు. ఆకలీ భయమూ దాని కాళ్లలోనే కొట్టుకుంటాయి. చిన్న పీతను చూసి ఇసుకలో ఒదిగి కూర్చోవడం నేర్చుకుని, అల కింద కళ్లు తెరుస్తుందే, ఆ క్షణానికి డైలాగ్ రాసి ఉంటే పాడైపోయేది.

తెలుగువాళ్లకు ఇది కొత్త అనుభవం కూడా కాదు. 2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’లో హీరో సగం సినిమాకు పైగా ఒక గ్రాఫిక్స్ ఈగే. దానికి మాట లేదు, మనిషిలా ముఖకవళికలూ లేవు. పగ, పొగరు, ప్రేమ అన్నీ ఒళ్లు కదిలించే తీరులోనే చూపించాలి. హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్ఎక్స్ ఆ పని చేసి జాతీయ అవార్డు తెచ్చుకుంది. అది షార్ట్ ఫిలిం కాదు గానీ, హాల్లో జనం ఒక ఈగ కోసం ఈలలు వేశారంటే, టేబుల్ లైటులో అమ్మనో నాన్ననో చూసిన బ్లిన్‌కు జరిగిందే వాళ్లకూ జరిగింది.

బొమ్మ ఆలోచిస్తోందని మనకెలా అనిపిస్తుంది?

ముందు పని జరిగే తీరు చెప్తాను. మోడల్ లోపల ఎముకల్లాంటి ఒక ఏర్పాటు ఉంటుంది, దాన్ని రిగ్ అంటారు. తోలుబొమ్మకు కర్రలు, దారాలు ఎలాగో, ఈ మోడల్‌కు రిగ్ అలాగ. చెయ్యి ఎత్తడానికొకటి, కనుబొమ్మ వంచడానికొకటి, మడమ తిప్పడానికొకటి ఇలా వందల కంట్రోళ్లు ఉంటాయి. సినిమాలోని ఒక్కో నిశ్చల చిత్రాన్ని ఫ్రేము అంటారు. యానిమేటర్ ముఖ్యమైన ఫ్రేముల్లో ఆ భంగిమలు పెడతాడు. మధ్యలో ఉన్నవాటిని కంప్యూటర్ పూరిస్తుంది. కంప్యూటర్ పూరించినదాన్ని అలాగే వదిలేస్తే కదలిక నూనె మీద జారినట్టు ఉంటుంది, ప్రాణం ఉండదు. అక్కడినుంచే అసలు పని మొదలవుతుంది.

డిస్నీ స్టూడియోలో 1930ల నుంచి చేత్తో బొమ్మలు గీసినవాళ్లు అనుభవం మీద కొన్ని సూత్రాలు కనిపెట్టారు. అక్కడే పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వాటిని 12గా పుస్తకంలో పెట్టారు. లాసెటర్ 1987లో ఒక పరిశోధన పత్రం రాసి, అవే సూత్రాలు కంప్యూటర్‌కూ వర్తిస్తాయని చూపించాడు. గ్రాఫిక్స్ చదివేవాళ్లు ఆ పత్రం ఇప్పటికీ చదువుతారు.

అన్నీ ఇక్కడ చెప్పను. రెండు చాలు. దూకే ముందు ఒళ్లు కిందికి కుంగుతుంది. ఆ కుంగుబాటు చూడగానే ఇప్పుడు దూకుతుందని మనకు తెలుస్తుంది, అంటే దూకాలని అది ముందే అనుకుందన్నమాట. ఇంకొకటి, కళ్లు. ఒంటికంటే ముందు కళ్లు తిరిగితే ‘ఏదో తట్టింది, అందుకే తిరిగింది’ అనిపిస్తుంది. అన్నీ ఒకేసారి తిరిగితే ఎవరో తిప్పినట్టు ఉంటుంది. లైటుకు కళ్లు లేవు కాబట్టి తలే ఆ పని చేస్తుంది. అది లోహం కనుక సాగదు, కుంచించుకుపోదు. గెంతే ముందు కీళ్ల దగ్గర మడుచుకుంటుంది, అంతే. మనకు అది సరిపోతుంది.

ఆగడం కూడా ఇందులో భాగమే. చిన్న లైటు చదునైన బంతిని చూస్తూ ఒక్క క్షణం కదలకుండా నిలబడే చోటు చూడండి. అది ఏమనుకుంటోందో అక్కడ మనమే నింపుకుంటాం.

మనుషుల బొమ్మలు చూస్తే ఒక్కోసారి ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకలా?

‘టిన్ టాయ్’లో పాప బిల్లీని చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. రేకు బొమ్మ టిన్నీ ఎంత ముద్దుగా ఉంటుందో, ఆ పాప అంత ఇబ్బందిగా ఉంటుంది. 1988 నాటి సాఫ్ట్‌వేర్‌తో పసిపిల్లల మెత్తటి చర్మం చేయడం వాళ్లవల్ల కాలేదు. అయితే కథలో ఆ పాప బొమ్మలకు రాక్షసుడే కదా, కాబట్టి సినిమా నిలబడింది.

జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే ఈ సంగతి రాశాడు. యంత్రం మనిషిని పోలేకొద్దీ మనకు దగ్గరవుతుంది, కానీ దాదాపు మనిషిలాగే ఉండి ఎక్కడో చిన్న తేడా ఉన్నప్పుడు ఒక్కసారిగా ఏవగింపు పుడుతుంది అన్నాడు. అందుకే తెలివైన దర్శకులు ఆ దాదాపు దగ్గరకు వెళ్లరు. 1997 నాటి ‘గెరీస్ గేమ్’లో పార్కులో తనతో తానే చదరంగం ఆడుకునే తాత ముఖం అతిగా సాగదీసిన కార్టూన్ ముఖం. గడ్డం పెద్దది, చెవులు పెద్దవి. అయినా చర్మం ముడతలు, కోటు మడతలు మాత్రం ఎంతో నమ్మకంగా ఉంటాయి. ఒకే మనిషి బల్లకు అటూ ఇటూ మారుతూ ఇద్దరైపోవడం, ఓడిపోబోయే వేళ గుండెనొప్పి నటించి బోర్డు తిప్పేసుకోవడం, పందెంగా కట్టుడు పళ్లు గెలుచుకోవడం చూస్తుంటే అది కంప్యూటర్ బొమ్మ అని గుర్తు కూడా రాదు.

డబ్బు రాని ఈ సినిమాలను స్టూడియోలు ఎందుకు తీస్తాయి?

కొత్త పద్ధతులు నేర్చుకోవడానికి, కొత్తవాళ్లను తయారుచేసుకోవడానికి. పెద్ద సినిమాలో కోట్ల డాలర్లు పణంగా ఉంటాయి, అక్కడ ప్రయోగం చేసే ధైర్యం తక్కువ. ‘గెరీస్ గేమ్’ మనిషి చర్మాన్ని, బట్టను చేయడం నేర్చుకోవడానికి తీసిందే. ఆ పాఠం తర్వాతి సినిమాలన్నిటికీ ఉపయోగపడింది. 1998లో బ్లూ స్కై స్టూడియో నుంచి క్రిస్ వెడ్జ్ తీసిన ‘బన్నీ’లో ఒక వస్తువు మీద పడ్డ వెలుతురు పక్క వస్తువు మీదికి పాకే తీరును కంప్యూటర్‌తో లెక్కకట్టించారు. ముసలి కుందేలు వంటింట్లో ఆ మెత్తటి వెలుగు అలా వచ్చిందే.

మనుషుల సంగతి చూస్తే, ‘పార్ట్లీ క్లౌడీ’ తీసిన పీటర్ సోన్, ‘లా లూనా’ తీసిన ఎన్రికో కసరోసా, ‘బావ్’ తీసిన డోమీ షీ ముగ్గురూ తర్వాత పెద్ద సినిమాలకు దర్శకులయ్యారు. 2019లో పిక్సార్ ‘స్పార్క్ షార్ట్స్’ అని ఇంకో ఏర్పాటు పెట్టింది. ఉద్యోగుల్లో కథ ఉన్నవాళ్లకు ఆరు నెలల గడువు, కొద్దిపాటి బడ్జెట్ ఇచ్చి తీయమంటారు. ఇలాంటి ఏర్పాటు మన స్టూడియోల్లో కూడా రావాలని నాకు గట్టిగా ఉంది.

ఐదు నిమిషాల సినిమాకు అన్ని నెలలు ఎందుకు పడుతుంది?

సెకనుకు 24 ఫ్రేములు. ఐదు నిమిషాలకు 7,200. ఒక్కో ఫ్రేము రెండరింగ్‌కు, అంటే వెలుగునీడలన్నీ లెక్కకట్టి తుది బొమ్మ తయారుచేయడానికి, ఐదు నిమిషాలే అనుకున్నా, ఒక్క కంప్యూటర్ రాత్రీపగలూ ఆగకుండా 25 రోజులు నడవాలి. స్టూడియో స్థాయి ఫ్రేములకు గంటలు పడతాయి, అందుకే వందల యంత్రాలు ఒకేసారి పనిచేస్తాయి. ఇది చివరి మెట్టు మాత్రమే. కథ, స్టోరీబోర్డు (షాట్ల వరుసను గీసిన బొమ్మలు), మోడళ్లు, రిగ్గులు, కదలిక, లైటింగ్ అన్నీ అంతకుముందే అయిపోవాలి.

ఇవి పిల్లల కోసమేనా?

కాదు. ఈ అపోహ పోవాలంటే ‘రయాన్’ (2004) చూడాలి. కెనడా దర్శకుడు క్రిస్ లాండ్రెత్ తీసింది. రయాన్ లార్కిన్ నిజం మనిషి. 1960లలో గొప్ప యానిమేటర్, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లినవాడు. తర్వాత మత్తుకు, తాగుడుకు బానిసై మాంట్రియల్ వీధుల్లో చెయ్యి చాచే స్థితికి వచ్చాడు. లాండ్రెత్ ఆయనతో మాట్లాడి, రికార్డు చేసిన ఆ గొంతులకే యానిమేషన్ చేశాడు. తెర మీద రయాన్ తలలో సగం ఉండదు. సన్నటి తీగల్లాంటి ముక్కలు కొన్ని మిగిలి ఉంటాయి. మనసు లోపల విరిగిన చోటల్లా ముఖం బయట విరిగి ఉంటుంది. కెమెరాతో తీసే డాక్యుమెంటరీకి ఇది సాధ్యం కాదు. ఉన్నది ఉన్నట్టు చూపించడానికి అందరూ కంప్యూటర్‌తో కుస్తీ పడుతున్న కాలంలో, అదే యంత్రంతో కంటికి కనపడని బాధను చూపించాడు. ఆస్కార్ వచ్చింది. నేను చూసిన షార్ట్స్‌లో అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఇదే.

చిలీ నుంచి వచ్చిన ‘బేర్ స్టోరీ’ కూడా అలాంటిదే. ఒక ముసలి ఎలుగుబంటి వీధిలో నిలబడి, తాను చేసిన రేకు బొమ్మల పెట్టె ద్వారా తన కథ చూపిస్తుంది. సర్కస్ వాళ్లు తనను ఎత్తుకుపోవడం, భార్యాబిడ్డలకు దూరం కావడం. పిల్లలకు అది ఎలుగుబంటి కథ. సైనిక పాలన కాలంలో దేశం విడిచి వెళ్లాల్సివచ్చిన తన తాతను తలుచుకుని దర్శకుడు గాబ్రియేల్ ఓసోరియో దీన్ని తీశాడు. 2016లో చిలీ సినిమాకు తొలి ఆస్కార్ తెచ్చిపెట్టింది.

‘బావ్’ (2018) సంగతి కొంచెం వేరు. కెనడాలో స్థిరపడిన చైనా తల్లి చేసిన ఆవిరి కుడుము ప్రాణం పోసుకుని కొడుకులా పెరుగుతుంది. పెద్దవాడై, ప్రేమించిన అమ్మాయితో ఇల్లు వదిలి పోతానన్నప్పుడు ఆమె వాణ్ని నోట్లో వేసుకుని మింగేస్తుంది. పిల్లలు అక్కడ కెవ్వుమంటారు. పెద్ద చదువులకని, ఉద్యోగమని పిల్లల్ని దూరం పంపిన తల్లులకు ఆ క్షణం గురించి వివరించనక్కర్లేదు.

చేత్తో గీసిన బొమ్మల ముందు కంప్యూటర్ బొమ్మలు తక్కువే కదా?

గీతలో ఉండే వణుకు, చేతివాటం కంప్యూటర్ మోడల్‌లో సహజంగా రావు, అది నిజమే. 2012లో డిస్నీ నుంచి జాన్ కార్స్ తీసిన ‘పేపర్‌మ్యాన్’ ఈ బాధకు ఒక మందు కనిపెట్టింది. కదలిక త్రీడీలోనే చేసి, దాని మీద కళాకారులు చేత్తో గీసిన గీతలు ఆ కదలికతో పాటు సాగేలా మియాండర్ అనే సాఫ్ట్‌వేర్ వాడారు. నలుపు తెలుపుల్లో, కాగితపు రాకెట్లతో ప్రేమకథ. అది చూశాక ఏది తక్కువ, ఏది ఎక్కువ అనే వాదన నాకు అనవసరం అనిపించింది.

మన దేవుళ్లు, మన ఇళ్లు ఉన్న షార్ట్ ఫిలిం ఏదైనా ఉందా?

పిక్సార్‌దే ఒకటుంది, 2015 నాటి ‘సంజయ్స్ సూపర్ టీమ్’. దర్శకుడు సంజయ్ పటేల్. గుజరాతీ తల్లిదండ్రులు కాలిఫోర్నియాలో మోటెల్ నడుపుతుండగా అక్కడే పెరిగాడు. పిల్లవాడు టీవీలో సూపర్‌హీరోలను చూడాలంటాడు, నాన్న పూజకు కూర్చోమంటాడు. ఇద్దరి మధ్యా టీవీ సౌండూ, గంట చప్పుడూ పోటీపడతాయి. విసుగుతో కూర్చున్న పిల్లవాడి ఊహలో విష్ణువు, దుర్గ, హనుమంతుడు సూపర్‌హీరోలుగా దిగి రావణుడితో తలపడతారు. దీనికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లకు ఆ మొదటి నిమిషం సొంతింట్లో తీసినట్టే ఉంటుంది.

హైదరాబాద్‌లో ఇంత యానిమేషన్ పని జరుగుతోంది కదా, మన షార్ట్ ఫిలింలు ఎందుకు ఎక్కువ కనపడవు?

చేతులకు, ప్రతిభకు కొదవ లేదు. ‘ఛోటా భీమ్’ తీసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్‌దే. డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ ఇక్కడినుంచి విదేశీ సీరియళ్లకు ఏళ్లతరబడి పనిచేసింది. ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాకు గ్రాఫిక్స్ చేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కు ఇక్కడ కూడా స్టూడియో ఉండేది. 2013లో ఆ సినిమా ఆస్కార్ గెలిచిన నెలలోనే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. ఈ రంగంలో జీతం మీద బతికేవాళ్ల భయం ఏమిటో దాన్నిబట్టి తెలుస్తుంది.

మన దగ్గర పనిలో ఎక్కువ భాగం వేరేవాళ్ల కథలకు, వేరేవాళ్ల గడువులకు చేసేది. ఇంకొకరి షాట్‌ను ఎంత బాగా చేసినా, కథ మనది కానప్పుడు ఆ పాత్ర ఎవరో, ఎందుకలా నడుస్తుందో తేల్చేది మనం కాదు. ఫ్రాన్స్‌లో గోబ్లాన్ లాంటి కాలేజీల్లో చివరి ఏడాది విద్యార్థులు జట్టుగా ఒక షార్ట్ ఫిలిం తీసి తీరాలి. అలా ఆరుగురు విద్యార్థులు 2007లో తీసిన ‘ఆక్టపొడీ’ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. మన కాలేజీల్లో షోరీల్ అంటే ఉద్యోగం కోసం అతికించిన ముక్కలే ఎక్కువ. రెండే నిమిషాలైనా సొంత కథను చివరిదాకా పూర్తిచేయించే కాలేజీ ఏదైనా ఉంటే, నా ఓటు దానికే.

ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చా? ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?

బ్లెండర్‌తో మొదలుపెట్టండి, పూర్తిగా ఉచితం. 2002లో దాని సృష్టికర్త టోన్ రోసెండాల్ పిలుపు మీద జనం ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, దాన్ని అందరి సొత్తుగా మార్చారు. 2025లో ఆస్కార్ గెలిచిన లాట్వియా యానిమేషన్ సినిమా ‘ఫ్లో’ను అందులోనే తయారుచేశారు. కాబట్టి ఉచితం అని చిన్నచూపు వద్దు.

మొదట బంతి ఎగిరే ఎక్సర్‌సైజ్ చేయండి. తర్వాత అదే బంతిని ఒకసారి బరువైనదిగా, ఒకసారి తేలికైనదిగా చేయండి. తర్వాత సగం నిండిన పిండి మూటకు సంతోషం, అలక పట్టించండి. చాలామంది వీటిని దాటేసి నేరుగా పోరాట దృశ్యాలకు వెళ్తారు, అక్కడ ఆగిపోతారు. మూట అలిగినట్టు చేయగలిగితే మనిషిని కూడా చేయగలరు. రెడీమేడ్ రిగ్గులు ఉచితంగా దొరుకుతాయి, మోడలింగ్ మీద మొదటి ఏడాది వృథా చేసుకోకండి. మామూలు ల్యాప్‌టాప్ ఈ అభ్యాసాలకు చాలు.

ఏఐ టూల్స్‌తో రెండు రోజుల్లో సినిమా వచ్చేస్తుంటే ఇదంతా నేర్చుకోవడం దేనికి?

బొమ్మ కదలడం వరకు వస్తుంది. ఆ బల్బు సైజు మార్చకూడదని, బంతి దగ్గర ఆ లైటు ఇంకో అరసెకను ఆగాలని ఎవరో ఒకరు అనుకోవాలి. అలా అనుకునే చూపు నేర్చుకుంటేనే వస్తుంది. ఏ టూల్ వాడినా మీకు అది అవసరమే.

ఉచితంగా ఎక్కడ చూడొచ్చు?

బ్లెండర్ సంస్థ తీసిన ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’ (2006), ‘బిగ్ బక్ బన్నీ’ (2008), ‘సింటెల్’ (2010), ‘స్ప్రింగ్’ (2019) యూట్యూబ్‌లో పూర్తిగా ఉన్నాయి. వాటి ప్రొడక్షన్ ఫైళ్లు కూడా విడుదల చేశారు. నేర్చుకునేవాళ్లు లోపల విప్పి చూసుకోవచ్చు. గోబ్లాన్ విద్యార్థుల సినిమాలు వాళ్ల యూట్యూబ్ చానల్‌లో దొరుకుతాయి. ‘రయాన్’ లాంటి కెనడా సినిమాల కోసం అక్కడి నేషనల్ ఫిల్మ్ బోర్డు సైట్ చూడండి. పిక్సార్, డిస్నీ షార్ట్స్‌కు మాత్రం వాళ్ల స్ట్రీమింగ్ సర్వీసు కావాలి.

మొదటిసారి చూసేవాళ్లకు ఏ వరుస మంచిది?

‘లక్సో జూనియర్’, వెంటనే ‘టిన్ టాయ్’, ‘గెరీస్ గేమ్’. ఈ మూడూ కలిపినా పావుగంట కాదు. పదకొండేళ్లలో ఈ కళ ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో తెలిసిపోతుంది. తర్వాత ‘పైపర్’, ‘బావ్’. చిన్నపిల్లలు పక్కన ఉంటే ‘బావ్’లో మింగేసే చోటు గురించి ముందే ఒక మాట చెప్పండి. ‘బేర్ స్టోరీ’ పదేళ్లు దాటిన పిల్లలతో చూడొచ్చు. ‘రయాన్’ పెద్దవాళ్లకే. ‘సింటెల్’ కూడా ముగింపు వల్ల చిన్నపిల్లలకు వద్దంటాను.

ఇంగ్లిష్ రాకపోతే అర్థమవుతాయా?

పై వరుసలో ‘రయాన్’, ‘సింటెల్’ తప్ప మిగతావాటికి భాషే అక్కర్లేదు. ఆ రెండింటికీ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మాటలు లేనివాటిలో శబ్దం చాలా పనిచేస్తుంది కాబట్టి ఫోన్ స్పీకర్ మీద కాకుండా ఇయర్‌ఫోన్స్‌తో వినండి.